కార్బన్ చక్రాలు, ట్యూబులర్ టైర్లు: ఎలా ఎంచుకోవాలి, ఎలా అంటించాలి, ఎలా చూసుకోవాలి

ప్రొఫెషనల్ రోడ్ టీములు గత కొన్నేళ్లలో దాదాపుగా ట్యూబులర్ టైర్లు వదిలేసి ట్యూబ్‌లెస్‌కి మారిపోయాయి. దాంతో ఒకప్పుడు ఫొటోల్లో చూసి ఆశపడిన కార్బన్ ట్యూబులర్ చక్రాలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా తక్కువ ధరకే వస్తున్నాయి. "అన్నా, ఇవి తీసుకోవచ్చా?" అని లింకు పంపి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. తీసుకోవచ్చు. కాకపోతే డబ్బు కట్టకముందే ఒక విషయం బుర్రలో పెట్టుకోండి: ఈ టైరును రిమ్ము మీద పట్టి ఉంచేది ప్రధానంగా జిగురే. ఆ జిగురు పనికి మూడు నాలుగు రోజులు ఓపిగ్గా కేటాయించగలను అనుకుంటే ఇది చాలా మంచి చక్రం. అంత ఓపిక లేదనుకుంటే ఎంత చవగ్గా వచ్చినా వద్దు, లోపల విడిగా ట్యూబు ఉండే మామూలు క్లించరో, ట్యూబ్‌లెస్సో తీసుకోండి, ప్రాణానికి హాయి.

అసలు ట్యూబులర్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మనకు అలవాటైన టైరు అడుగున తెరిచి ఉంటుంది, లోపల ట్యూబు వేరుగా ఉంటుంది, టైరు అంచులు రిమ్ము గోడల్లో ఇరుక్కుని కూర్చుంటాయి. ట్యూబులర్‌లో అలా కాదు. టైరు గుడ్డను ట్యూబు చుట్టూ తిప్పి కింద కుట్టేస్తారు, కుట్టు మీద ఒక గుడ్డ పట్టీ అంటిస్తారు, దాన్నే బేస్ టేప్ అంటారు. రిమ్ముకి టైరును ఇరికించే గోడలుండవు, పైభాగం కొంచెం గుంటగా ఉంటుందంతే. ఆ గుంటలో ఈ పట్టీని జిగురుతో అంటిస్తాం.

గోడలు లేవు కాబట్టి రిమ్ము తేలిగ్గా ఉంటుంది, గుంతలో పడితే ట్యూబు రిమ్ము గోడకూ రోడ్డుకూ మధ్య నలిగి పంక్చరయ్యే బెడద దాదాపు ఉండదు. గాలి పోయినా టైరు ఊడిపోకుండా అంటుకునే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా ఆగేంత సమయం దొరుకుతుంది. మంచి కాటన్ టైరు అయితే రోడ్డు మీద నడక చాలా మెత్తగా ఉంటుంది, ఈ ఒక్క సుఖం కోసమే వదలనివాళ్లున్నారు. నష్టాలూ చెప్పాలి కదా. పంక్చరైతే దారిలో ప్యాచ్ వేయడం కుదరదు, మన వీధి చివర పంక్చరు షాపులో ఎవరూ దీన్ని ముట్టుకోరు. వేగం విషయంలో కూడా పాత నమ్మకం ఇప్పుడు నిలవదు, ఈ రోజుల్లో మంచి ట్యూబ్‌లెస్ టైరు ట్యూబులర్ కన్నా తేలిగ్గా దొర్లుతుంది, ఎందుకంటే జిగురు పొర కూడా కదిలి కొంత శక్తిని తినేస్తుంది. కాబట్టి "ప్రోలు వాడారు కాబట్టి వేగం" అని కొనకండి. కొండలెక్కడానికి, చిన్న చుట్టు రోడ్డు మీద పదే పదే తిరిగే క్రిటేరియం రేసులకు, ట్రాక్‌కి, లేదా ఆ నడక మీద ఇష్టంతో కొనండి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి, ఒంటరిగా బ్రెవేలు అనే 200 కిలోమీటర్ల దూర రైడ్లకు మాత్రం నేను సిఫారసు చేయను.

ముందు చక్రం చూసుకోండి

మొట్టమొదట మీ సైకిలుకు పడుతుందో లేదో. రిమ్మునే రబ్బర్లతో పట్టే రిమ్ బ్రేకు సైకిలైతే ముందు హబ్ (చక్రం నడిమి భాగం) వెడల్పు 100, వెనక 130 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్. డిస్క్ బ్రేకు అయితే సాధారణంగా 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్, ముందు 100, వెనక 142. వెనక హబ్ మీద ఉన్న ఫ్రీహబ్ (గేరు పళ్ల చక్రాలు ఎక్కే భాగం) మీ క్యాసెట్‌కి (ఆ పళ్ల చక్రాల సెట్టుకి) సరిపోవాలి, షిమానోకి ఒకటి, క్యాంపాగ్నోలోకి ఒకటి, శ్రామ్ 12 స్పీడుకి ఎక్స్‌డీఆర్ ఇంకొకటి. చాలా హబ్‌లకు ఫ్రీహబ్ మార్చుకోవచ్చు కానీ పాత మోడల్‌కి విడిగా దొరకకపోవచ్చు, అందుకే డబ్బు పంపకముందే అడగండి. ఇంకోటి, కొత్త కార్బన్ రిమ్ముల వెడల్పు 27, 28 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పాత రిమ్ బ్రేకు కాలిపర్ అంత తెరుచుకోదు. పాత ఫ్రేములో 25 మిల్లీమీటర్ల టైరు పట్టడమే కష్టం. టేపు పెట్టి కొలుచుకుంటే తర్వాత బాధపడక్కర్లేదు.

రిమ్ము లోతు సంగతి, అంటే పక్కనుంచి చూస్తే రిమ్ము ఎంత ఎత్తుగా ఉందో. 30, 35 మిల్లీమీటర్ల రిమ్ము కొండలకు, గాలి ఎక్కువుండే చోటికి బాగుంటుంది. 45, 50 అన్నిటికీ పనికొస్తుంది. 60 దాటితే చదునైన రోడ్డు మీద వేగం బాగానే ఉంటుంది కానీ పక్కగాలి కొడితే హ్యాండిల్ లాగేస్తుంది, అందులోనూ మీరు 55, 60 కిలోల మనిషైతే మరీ. వైజాగ్ బీచ్ రోడ్డు లాంటి చోట, హైవే మీద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ముందు చక్రం లోతు ఏంటో తెలిసొస్తుంది. మీకు నచ్చితే వెనక 50, ముందు 35 పెట్టుకోండి, తప్పేం లేదు. చక్రాల సెట్టు బరువు మామూలుగా 1,100 నుంచి 1,400 గ్రాముల మధ్య ఉంటుంది. యాభై గ్రాముల తేడా కోసం ఎక్కువ డబ్బు పోయకండి, దానికన్నా హబ్ బేరింగులు, స్పోకులు మంచివా కాదా చూడండి. మనిషి బరువుకి తయారీదారు పెట్టిన పరిమితి కూడా తప్పకుండా చదవండి, తేలికపాటి చక్రాల్లో అది తక్కువగా ఉంటుంది.

కార్బన్ సున్నితం, గుంతలకు తట్టుకోదు అనే మాట చాలామంది అంటారు. ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-రూబే రేసు పేరు తెచ్చుకున్నదే రాళ్లు పరిచిన దారుల వల్ల. 2010లో స్విట్జర్లాండ్ రేసర్ ఫాబియన్ కాంచెల్లారా దాన్ని గెలిచింది కార్బన్ ట్యూబులర్ చక్రాల మీదే. బాగా చేసిన కార్బన్ రిమ్ము గట్టిదే. భయపడాల్సింది ఎలా వాడారో తెలియని పాత రిమ్ము గురించి, పెద్ద బ్రాండు స్టిక్కరు వేసిన నకిలీ గురించి. చైనా నుంచి సొంత పేరుతో అమ్మే కంపెనీలు వేరే సంగతి, లైట్ బైసికిల్, ఫార్‌స్పోర్ట్స్ లాంటివి వాళ్ల పేరు మీదే వారంటీ ఇస్తాయి. జిప్ అనో ఎన్వీ అనో రాసి ఉండి ధర మాత్రం నాలుగో వంతు ఉంటే దూరంగా ఉండండి.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు టైరు తీసేసిన ఫొటోలు అడగండి. అమ్మేవాళ్లు ఇవ్వకపోతే వదిలేయండి. చేతికి వచ్చాక మంచి వెలుతురులో కూర్చుని, ప్రతి స్పోకు రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో చూడండి, వేలితో బ్రేకు పట్టే గోడ మొత్తం తడమండి, ఎక్కడైనా ఉబ్బుగానో అలలాగానో తగిలితే ఆ రిమ్ము ఒకప్పుడు బాగా వేడెక్కిందని అర్థం, అది వద్దు. తర్వాత ఒక రూపాయి బిళ్ల తీసుకుని రిమ్ము చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. అంతటా ఒకే శబ్దం రావాలి. ఒకచోట మాత్రం మొద్దుగా, బోలుగా వినిపిస్తే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. స్పోకు రంధ్రాల దగ్గర, వాల్వు దగ్గర శబ్దం కొంచెం మారడం మామూలే, అందుకే రెండు వైపులా పోల్చి చూడండి.

ఒక చిన్న విషయం, కొనేటప్పుడు ఎవరూ అడగరు. కొన్ని ట్యూబులర్ రిమ్ముల్లో నిప్పిళ్లు (స్పోకు చివర బిగించే చిన్న నట్లు) బయటికి కనిపించవు, రిమ్ము లోపల ఉంటాయి. అలాంటి చక్రం కొంచెం వంకర పోతే సరిచేయడానికి అంటించిన టైరు మొత్తం పీకాలి. బయట నిప్పిళ్లున్నవి దొరికితే అవే తీసుకోండి.

టైరు ఎంపిక

ట్యూబులర్ మీద 28 అంగుళాలు అని రాసి ఉంటుంది, కంగారు పడకండి, అది మన 700సీ సైజే. వెడల్పు 25 మామూలు వాడకానికి, 28 మన రోడ్లకు ఇంకా మేలు, ఫ్రేములో చోటుంటే.

గుడ్డ రకం మీద నడక ఆధారపడుతుంది. విట్టోరియా కోర్సా లాంటి కాటన్ టైర్లు, ఇటలీ వెలోఫ్లెక్స్, ఫ్రాన్స్‌లో చేత్తో చేసే ఎఫ్‌ఎంబీ ఇవన్నీ మెత్తగా ఉంటాయి. వీటిలో చాలావాటికి లోపల లాటెక్స్ (పలచటి రబ్బరు) ట్యూబు ఉంటుంది, అది రాత్రికి రాత్రే బాగా గాలి వదిలేస్తుంది, పంక్చరేమో అని టెన్షన్ పడనక్కర్లేదు, దాని స్వభావమే అంత. కాంటినెంటల్ కాంపిటిషన్ లాంటి టైరులో మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు ఉంటుంది, రబ్బరును గుడ్డ మీద వేడితో పట్టించి చేస్తారు కాబట్టి గట్టిగా ఉంటుంది, గాలి రోజుల తరబడి నిలుస్తుంది, కాకపోతే కొత్తది రిమ్ము మీదకు ఎక్కించడానికి చేతులు నొప్పి పుడతాయి. చెక్ కంపెనీ టూఫో వాళ్ల టైర్లలో విడిగా ట్యూబు ఉండదు, కుట్టు కూడా ఉండదు, సీలెంట్ (లోపల పోస్తే రంధ్రాలు మూసే ద్రవం) బాగా పనిచేస్తుంది. మొదటిసారి ట్యూబులర్ వాడేవాళ్లకు, పల్లేరు కాయలూ తుమ్మ ముళ్లూ ఉండే రోడ్ల మీద తిరిగేవాళ్లకు నా సలహా ఒక్కటే, కాటన్ జోలికి వెంటనే పోకండి, గట్టి బ్యూటైల్ టైరుతో మొదలెట్టండి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఉన్నవాళ్లకూ ఇదే మాట, అక్కడా ఇదే పల్లేరు రోడ్డు పక్కన పెరుగుతుంది.

రిమ్ము గుంటకీ టైరు గుండ్రానికీ పొంతన కుదరాలి, చాలామంది పట్టించుకోని విషయమిది. పాత 21, 22 టైర్ల కాలంలో చేసిన సన్న రిమ్ము మీద 28 టైరు పెడితే అంచులు మాత్రమే తగిలి మధ్యలో ఖాళీ మిగులుతుంది. వెడల్పు రిమ్ము మీద సన్న టైరు పెడితే మధ్యలో మాత్రమే తగిలి అంచులు గాల్లో ఉంటాయి, ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే మలుపులో టైరును పక్కకు పోకుండా ఆపేది అంచుల దగ్గరి జిగురే. జిగురు లేకుండా టైరు ఎక్కించి గాలి కొట్టి, పక్కనుంచి సందు ఏమైనా కనిపిస్తోందా చూసుకోండి. సందు కనిపిస్తే వేరే సైజు టైరు తెచ్చుకోండి, ఎక్కువ జిగురుతో ఆ సందు నింపేద్దాం అనుకోకండి.

అంటించడం

ఇక అసలు పని. శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం రేసుకు వెళ్దాం అనే ఆలోచన వద్దు. ఒక్కో పొర ఆరడానికే ఒక రోజు పడుతుంది.

మొదటి రోజు టైరును సాగదీయాలి. కొత్త టైరును పొడిగా, జిగురు లేకుండా, రిమ్ము మీద ఎక్కించి 7, 8 బార్ల గాలి కొట్టి కనీసం ఒక రోజు వదిలేయండి, టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటకండి. రెండు మూడు రోజులుంచితే ఇంకా మంచిది. ఈ పని చేయకపోతే జిగురు పూసిన టైరు చివరి అరచేతి వెడల్పు ఎక్కక, మీరు గింజుకుంటుంటే జిగురంతా రిమ్ము పక్కలకు, చేతులకు, ఇంటి గోడలకు పూసుకుపోతుంది. ఈలోగా వాల్వు పని కూడా తేల్చేయండి. లోతైన రిమ్ముకి వాల్వు పొడుగు చాలదు, ఎక్స్‌టెన్షన్ కావాలి. వాల్వు కోర్ (వాల్వు లోపలి చిన్న పిన్ను) విప్పి, ఎక్స్‌టెన్షన్ మర మీద ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించి, దాని చివర కోర్ పెట్టండి. గాలి లీకవుతోందేమో ఇప్పుడే నీళ్లలో ముంచి చూడండి. టైరు అంటించాక లీకు తెలిస్తే ఏడుపే.

రిమ్ము శుభ్రం చేయండి. కొత్త రిమ్ము మీద అచ్చు నుంచి తీసేటప్పుడు వాడిన నూనెలాంటి పొర మిగిలి ఉంటుంది, దాని మీద జిగురు నిలవదు. గుడ్డ మీద కొంచెం ఎసిటోన్ వేసుకుని గుంటను తుడవండి, గుడ్డకు మురికి అంటడం ఆగేదాకా. ఎసిటోన్ వద్దని మీ రిమ్ము కంపెనీ చెబితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. రిమ్ము మీద ఎసిటోన్ పోసి నానబెట్టకండి, స్టిక్కర్ల మీద, రంగు మీద పడనివ్వకండి. పాత జిగురు పలచగా, గట్టిగా, సమంగా ఉంటే తీయక్కర్లేదు, దాని మీదే కొత్త పొర వేయొచ్చు. ఎండిపోయి పెళుసుగా రాలుతుంటే, గడ్డలు కట్టి ఉంటే మొత్తం తీసేయాలి. ముతక గరుకు కాగితంతో కార్బన్‌ని రుద్దకండి, నారలు తెగిపోతాయి.

జిగురు ఏది కొనాలి? విట్టోరియా మాస్టిక్ వన్, కాంటినెంటల్ వాళ్ల రిమ్ సిమెంట్, ఈ రెండూ కాలానికి నిలిచినవి. కాంటినెంటల్ వాళ్లు కార్బన్ రిమ్ముకి వేరే, అల్యూమినియానికి వేరే అమ్ముతారు, చూసి కొనండి. చక్రానికి ఒక చిన్న ట్యూబు చొప్పున లెక్కేసి ఇంకోటి అదనంగా ఉంచుకోండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే చెప్పుల జిగురు, ఫెవిక్విక్ లాంటివి పనికిరావు, అవి గట్టిపడి పెళుసెక్కుతాయి లేదా వేడికి కరుగుతాయి.

కిటికీలు తెరవండి. ఈ వాసన తలకెక్కుతుంది, నిప్పంటుకునే ద్రావకం కూడా, కాబట్టి వంటింటి పక్కనో దేవుడి గదిలో దీపం వెలుగుతున్న చోటో కూర్చోకండి. గ్లవ్స్ వేసుకోండి. బ్రేకు గోడలకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి.

చిన్న బ్రష్షుతో గానీ, పాత టూత్‌బ్రష్షుతో గానీ, గ్లవ్స్ వేసిన వేలితో గానీ రిమ్ము గుంటలో పలచని పొర పూయండి. అంచు నుంచి అంచుకు, ఎక్కడా ఖాళీ లేకుండా. వాల్వు రంధ్రంలోకి, స్పోకు రంధ్రాల్లోకి కారకుండా చూసుకోండి. టైరును కొంచెం గాలితో గుండ్రంగా చేసి, తిరగేసి, బేస్ టేపు మీద కూడా ఒక పొర పూయండి. గుడ్డ మొదటి పొరను పీల్చేసుకుంటుంది, అది మంచిదే. రెండింటినీ దుమ్ము పడనిచోట ఒక రోజు వదిలేయండి. మర్నాడు రిమ్ముకి రెండో పొర, టేపుకి రెండో పొర, మళ్లీ ఒక రోజు. మందంగా ఒకేసారి పూస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అలాంటి జిగురు మలుపులో జారుతుంది. ఆరే సమయం విషయంలో మీరు కొన్న జిగురు ట్యూబు మీద వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి. ఎండాకాలంలో మన దగ్గర త్వరగా ఆరుతుంది, చలి దేశాల్లో గరాజ్‌లో పెడితే మాత్రం ఎన్నాళ్లైనా ఆరదు, ఇంట్లోకి తెచ్చుకోండి.

జిగురు మొదలెట్టిన మూడో రోజు రిమ్ము మీద మాత్రం చివరి పలచటి పొర పూసి పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలితో తాకితే అంటుకోవాలి కానీ తీగలు సాగకూడదు. ఇప్పుడు టైరులో ఆకారం నిలబడేంత గాలి మాత్రమే ఉంచండి. చక్రాన్ని శుభ్రమైన నేల మీద నిలబెట్టి, వాల్వు రంధ్రం పైకి పెట్టి, వాల్వును నిటారుగా దించండి. అక్కడి నుంచి రెండు చేతులతో టైరును రెండు వైపులా కిందికి లాగుతూ, బలంగా సాగదీస్తూ, కొంచెం కొంచెంగా కూర్చోబెట్టుకుంటూ వెళ్లండి. మొదటి నుంచీ గట్టిగా లాగితేనే చివర్లో చోటు మిగులుతుంది. కింద మిగిలిన ముక్క కోసం చక్రాన్ని తిప్పి, వాల్వును పొట్టకు ఆనించి, బొటనవేళ్లతో పైకెత్తి రిమ్ము మీదకు వేసేయండి. టైరు ఎక్కించే పుల్లలాంటి టైర్ లివర్ వాడకండి, బేస్ టేపు చిరుగుతుంది, కార్బన్ అంచు దెబ్బతింటుంది.

ఎక్కగానే రెండు బార్ల గాలి కొట్టి చక్రం తిప్పి చూడండి. టైరు నడిచే భాగం పాములా అటూ ఇటూ ఊగకూడదు. రెండు వైపులా బేస్ టేపు సమానంగా కనిపించాలి. కనిపించకపోతే అక్కడ పట్టుకుని పైకి లాగి తిప్పి సరిచేయండి, జిగురు పట్టడానికి ముందు మీకు ఐదు పది నిమిషాలే ఉంటాయి. సరిగ్గా కూర్చున్నాక, మళ్లీ ఆ గరిష్ఠ పరిమితి దాటకుండా 7, 8 బార్ల దాకా గాలి నింపి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ఇరుసును రెండు చేతులతో పట్టి, మీ బరువంతా వేసి నేల మీద దొర్లించండి, కొంచెం అటూ ఇటూ వాలుస్తూ. మాస్కింగ్ టేపు తీసేయండి. ఒక రోజు అలాగే వదిలేయండి. ఆ రోజు సైకిలు ఎక్కొద్దు, ఎంత తహతహగా ఉన్నా.

మర్నాడు పరీక్ష. గాలి మొత్తం తీసేసి, రెండు బొటనవేళ్లతో టైరును పక్కకు గట్టిగా నెట్టండి. చుట్టూ, ప్రతి నాలుగు వేళ్ల దూరానికి ఒకసారి, రెండు వైపులా. అంచు ఎక్కడా లేవకూడదు. ఒక్కచోట లేచినా అక్కడ మళ్లీ జిగురు పెట్టాలి, ఎక్కువచోట్ల లేస్తే మొత్తం పీకి మళ్లీ మొదలెట్టాలి. ఇందులో సర్దుబాటు లేదు.

జిగురు గొడవ వద్దనుకునేవాళ్లకు రెండు వైపులా అంటుకునే టేపులు వస్తాయి, ఎఫెట్టో మారిపోసా వాళ్ల కారోన్యా అందులో పేరున్నది. రోడ్డు వాడకానికి నిలుస్తుంది, పని ఒక్క పూటలో అయిపోతుంది, ఇల్లు పాడవదు. టేపు వెడల్పు మీ టైరుకు తగ్గది తీసుకోండి, అంచుల దాకా పరుచుకోవాలి. మీరు మొదటిసారి చేస్తుంటే టేపు తప్పేమీ కాదు. రిమ్ బ్రేకుతో ఘాట్లు దిగేవాళ్లు మాత్రం జిగురే వాడమని నేను చెప్తాను.

వేడి, బ్రేకులు

2003 జులై 14న టూర్ డి ఫ్రాన్స్‌లో గాప్ ఊరి వైపు దిగుతుండగా స్పెయిన్ రేసర్ హోసెబా బెలోకి పడిపోయాడు. ఆ రోజు ఎండకు రోడ్డు మీద తారు కరిగింది, వెనక చక్రం జారింది, టైరు రిమ్ము నుంచి ఊడింది. తొడ ఎముక విరిగింది. అప్పటికి రేసులో రెండో స్థానంలో ఉన్నవాడు మళ్లీ ఆ స్థాయికి రాలేదు. టీము మెకానిక్కులు అంటించిన టైరుకే అలా జరిగిందంటే, మన పని ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

డిస్క్ బ్రేకు ఉంటే ఈ బాధ తక్కువ. రిమ్ బ్రేకు అయితే బ్రేకు పట్టిన ప్రతిసారీ వేడి పుట్టేది రిమ్ములోనే. అల్యూమినియం ఆ వేడిని చుట్టూ పంచేస్తుంది, కార్బన్ పంచదు, పట్టినచోటే ఉంచుకుంటుంది. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, ఇంకా ఎక్కువైతే కార్బన్ నారలను పట్టి ఉంచే రెజిన్ కూడా. గోడ లేదు కాబట్టి ట్యూబులర్ రిమ్ము క్లించర్ కన్నా దీన్ని బాగా తట్టుకుంటుంది, అయినా హద్దు ఉంది. హార్స్‌లీ హిల్స్, అరకు లాంటి ఘాట్ల మీద దిగేటప్పుడు బ్రేకు లివర్లు పట్టుకుని ఈడ్చుకుంటూ రావద్దు. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి, మళ్లీ తర్వాతి మలుపు దగ్గర పట్టండి. వదిలిన ఆ కాసేపట్లో గాలికి రిమ్ము చల్లబడుతుంది. కింద ఆగినప్పుడు రిమ్ము ముట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మీ పద్ధతి మార్చుకోవాలి.

బ్రేకు రబ్బర్లు కార్బన్‌కి వేరే. చక్రం కంపెనీ ఏది చెప్తే అదే వాడండి, చెప్పకపోతే స్విస్‌స్టాప్ బ్లాక్ ప్రిన్స్ లాంటివి దొరుకుతాయి. అల్యూమినియం చక్రానికి వాడిన రబ్బర్లు కార్బన్ మీదకు ఎప్పుడూ తేవద్దు, వాటిలో గుచ్చుకున్న లోహపు ముక్కలు రిమ్మును గీసేస్తాయి. వానలో కార్బన్ రిమ్ము వెంటనే పట్టదు, మొదట నీళ్లు తుడుచుకుపోవాలి, కాబట్టి వర్షాకాలంలో ముందునుంచే చిన్నగా బ్రేకు తాకిస్తూ ఉండండి.

మే నెలలో కారు డిక్కీలో చక్రాలు పెట్టి, ఎండలో కారు ఆపి టిఫిన్‌కి వెళ్లడం చాలామంది చేస్తారు. లోపలి వేడికి జిగురు మెత్తబడుతుంది, నిండా గాలి ఉంటే టైరు పక్కకు జరగొచ్చు. గాలి కొంత తీసి, చక్రాలను బ్యాగులో పెట్టి, నీడలో ఆపండి.

రోజువారీ వాడకం

గాలి: 70 కిలోల మనిషికి 25 టైరులో 6.5 నుంచి 7 బార్లతో మొదలెట్టండి, అంటే సుమారు 95 నుంచి 100 పీఎస్‌ఐ, వెనక కొంచెం ఎక్కువ. 28 టైరైతే 5.5 నుంచి 6 బార్లు. గతుకుల రోడ్డు, వాన రోడ్డు అయితే ఇంకొంచెం తగ్గించండి. పాతకాలంలో లాగా 10 బార్లు కొట్టడం వల్ల వేగం రాదు, ఒళ్లు హూనమవుతుంది. లాటెక్స్ ట్యూబుంటే ప్రతి రైడుకు ముందు పంపు పట్టాల్సిందే.

ఇంటికొచ్చాక తడిగుడ్డతో టైరు తుడుస్తూ, గుచ్చుకున్న గాజు పెంకులు, ముళ్లు పీకేయండి. కాటన్ టైరు పక్క గోడలు తడికి, ఎండకు పాడవుతాయి, దారాలు బయటపడుతుంటే టైరు మార్చే సమయం వచ్చినట్టే. చక్రాలను గాలి కొంచెం ఉంచి, చీకటి గదిలో వేలాడదీయండి. బాల్కనీలో ఎండకు పెట్టకండి. కరెంటు మోటార్ల పక్కన కూడా వద్దు, వాటి నుంచి ఓజోన్ రావొచ్చు, అది రబ్బరును పగలగొడుతుంది.

నెలకోసారి గాలి తీసి బొటనవేళ్ల పరీక్ష చేయండి. వేసవి మొదలయ్యేటప్పుడు, పెద్ద రేసు ముందు తప్పకుండా. వాన బాగా తగిలిన టైరుకు బేస్ టేపు కిందికి నీళ్లు చేరి జిగురు వదిలేయొచ్చు. ఏడాదికోసారి టైరు పీకి కొత్తగా అంటించడం మంచి అలవాటు. పీకేటప్పుడు గాలి పూర్తిగా తీసి, బొటనవేళ్లతో ఒకచోట అంచు లేపి, ఆ సందులో ప్లాస్టిక్ లివర్ దూర్చి మెల్లగా నడిపించండి. స్క్రూడ్రైవర్ వద్దు, హీట్ గన్ అసలు వద్దు. పీకాక బేస్ టేపు టైరు నుంచి విడిపోతోందేమో చూడండి, విడిపోతుంటే ఆ టైరును రబ్బరు జిగురుతో సరిచేశాకే మళ్లీ రిమ్ముకి అంటించాలి.

హబ్ బేరింగులు గరగరలాడుతున్నాయేమో చక్రం చేత్తో తిప్పి చూసుకోండి. ప్రెషర్ వాషర్‌తో హబ్ మీద కొట్టడం మానేయండి.

పంక్చరైతే

ముందు సీలెంట్ సంగతి. వాల్వు కోర్ విప్పి 20 నుంచి 30 మిల్లీలీటర్ల సీలెంట్ ఎక్కించి, గాలి కొట్టి, చక్రం తిప్పి, రంధ్రం కిందికి వచ్చేలా కాసేపు ఉంచండి. ముల్లు రంధ్రాలు ఎక్కువగా మూసుకుపోతాయి. ముందుగానే నింపి ఉంచాలా, పంక్చరయ్యాక పోయాలా అని అడుగుతుంటారు. నేనైతే చిన్న సీసా జేబులో పెట్టుకుని అవసరమైనప్పుడు పోయమంటాను, ముందే పోస్తే నెలల్లో ఎండి గడ్డకట్టి వాల్వును మూసేస్తుంది. సీలెంట్ పోశాక సీఓ2 సిలిండర్ బదులు చేతి పంపు వాడండి, ఆ చల్లటి గ్యాసుకు కొన్ని సీలెంట్లు గడ్డకట్టేస్తాయి.

సీలెంటుకు లొంగకపోతే స్పేర్ టైరు. కొత్తది కాదు, ఇంతకుముందు రిమ్ము మీద ఉండి, బేస్ టేపు మీద పాత జిగురున్నది కావాలి. అది సులభంగా ఎక్కుతుంది, కొంచెం పట్టు కూడా ఉంటుంది. ఆ టైరుతో ఇంటికి నెమ్మదిగా రావాలి, మలుపుల్లో వాల్చకూడదు, దిగుడులో వేగం పెంచకూడదు, వచ్చిన వెంటనే కొత్త జిగురుతో అంటించాలి.

పోయిన టైరును బాగు చేయొచ్చు. రంధ్రం దగ్గర బేస్ టేపు లేపి, కుట్లు కోసి, ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేసి, పాత రంధ్రాల్లోంచే గట్టి దారంతో మళ్లీ కుట్టి, టేపు అంటించాలి. గంటన్నర పని, ఖరీదైన కాటన్ టైరుకు చేయదగ్గదే. పక్క గోడ చిరిగితే మాత్రం పారేయండి.

స్పేర్ టైరును జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, పాత సాక్సులో దూర్చి, సీటు కింద బెల్టుతో బిగించండి. మూడు నాలుగు నెలలకోసారి విప్పి వేరే చోట మడవండి, ఒకేచోట మడత ఉంటే అక్కడే రబ్బరు పగులుతుంది.